సబ్బునీళ్ళ మావయ్య విమానం బేరం

మా మావయ్య కళ్ళతో చూసినా నమ్మడు, చెవులతో విన్నా నమ్మడు. సబ్బునీళ్ళు పూసి, బుడగ రాకపోతేనే నమ్ముతాడు. ముప్పయ్యేళ్ళు విమానాల మెకానిక్కుగా చేసినందుకు అంటుకున్న జబ్బు అది. సంచిలో సీసా, జేబులో కుంచె లేనిదే గడప దాటడు. మా ఇంటికొస్తే ముందు గ్యాసు పైపును పలకరించి, తరవాతే మా అమ్మను పలకరిస్తాడు. నా పుట్టినరోజున బెలూన్లన్నిటికీ పూసి, "రెండు కారుతున్నాయే అక్కా!" అని బెంగపడ్డాడు.

అలాంటి మనిషిని, వెంట నన్నూ, మా బావ పాత విమానం బేరానికి తీసుకెళ్ళాడు. మా అక్కనీ పిల్లల్నీ సొంత విమానంలో తిప్పాలని ఆయనకు పదేళ్ళ కోరిక. చూస్తే రెండు పిస్టన్ ఇంజన్లు, ఎంత పైకెళ్ళినా ఊపిరాడేలా గాలి నింపే క్యాబిను, మీద కొత్త రంగు. బావ అప్పుడే మనసులో పైలట్ సీటులో కూర్చున్నాడు.

"రికార్డులన్నీ శుభ్రంగా ఉన్నాయండీ," అన్నాడు అమ్మే ఆయన.

"ఉంటాయి. కాగితం కారదుగా! తలుపు మూసి లోపలికి గాలి కొట్టించండి," అన్నాడు మావయ్య.

తలుపు చుట్టూ నాలుగు బుడగలొచ్చాయి. "రబ్బరు మారిస్తే పోతుంది," అన్నాడు మావయ్య. కిటికీ మూలకొచ్చేసరికి బుడగలు వరస కట్టాయి. అమ్మే ఆయన్ని ఒప్పించి రంగు గీకితే, కింద వెంట్రుకంత పగులు.

"పైకెళ్ళిన ప్రతిసారీ దీని పొట్ట ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. ఇన్నేళ్ళు ఉబ్బీ తగ్గీ అలసిపోయింది. వద్దు అల్లుడుగారూ, లోపల కూర్చునేది నా మేనకోడలు."

బావ ముఖం వాడిపోయింది. నాకూ బాధేసింది. "సరే, పదండి మావయ్యగారూ," అన్నాడు. తీరా చూస్తే మావయ్య టార్చి పట్టుకుని ఇంజను కింద దూరి ఉన్నాడు.

"మనం కొనట్లేదు కదండీ!"

"ఇంకొకరు కొంటారుగా. ఆయన భార్య నాకు మేనకోడలు కాకపోతే మాత్రం!"

అమ్మే ఆయనకు ఒళ్ళు మండింది. "సాయంత్రం వేరే పార్టీ వస్తోంది, దయచేసి వెళ్ళండి."

"ఎన్నింటికి?" అంటూ మావయ్య బయట గేటు పక్కన కుర్చీ వేసుకున్నాడు. గంటైనా కదల్లేదు. చివరికి అమ్మే ఆయనే మా ఎదుట ఫోన్ చేసి, "ఇవాళ రాకండి, విమానం రిపేరుకు పోతోంది," అన్నాడు నీరసంగా.

"ఇంక లేవండి మావయ్యగారూ," అన్నాడు బావ.

"ఆ కొనే ఆయన అప్పటికే బయల్దేరి ఉంటేనో?"

బావ నవ్వేసి, పక్కనే ఇంకో కుర్చీ లాక్కున్నాడు.