గంట వినిపించే హోటల్

మా వాడలో హోటల్ అంటే చాయ్ తాగే చోటు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన, లారీలు ఆగే దగ్గర అలాంటివి మూడో నాలుగో ఉండేవి. అందుకే నన్ను తీసుకుని పట్నం పోయి హోటల్లో దిగుతానని మా నాయిన చెప్పినప్పుడు నాయినమ్మ తమలపాకు నమలడం ఆపేసింది.

"హోటల్ల పండుకునుడేందిరా? బల్లల మీద పండుకుంటరా?"

"పైన అర్రలుంటయంట అవ్వా. మంచాలు గూడ ఉంటయంట."

"మంచాలేస్తే చాయ్ తాగెటోళ్లు ఏడ కూసుంటరు?"

నాయిన కూడా ఎన్నడూ హోటల్లో దిగినవాడు కాదు. మా సంఘంలోనే ఎవరూ దిగలేదు. పట్నంలో పనిబడితే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక చిట్టీ రాసిచ్చేవారు. అది పట్టుకుని మిషన్ కాంపౌండుకు పోతే వరండాలో చాప పరిచేవాళ్లు. కానీ ఆ వారం అక్కడ పెద్ద సభలు జరుగుతున్నాయి, వరండాలో కూడా చోటు లేదని అయ్యగారికి కార్డు వచ్చింది.

మా పని వాయిదా వేసేది కాదు. నేను ఆ ఏడు మెట్రిక్ పాసయ్యాను. పట్నంలో ఒక పెద్ద దవాఖానలో నర్సు శిక్షణకు ఆడపిల్లలను ఎంచుకుంటున్నారని తెలిసి అయ్యగారే నా చేత దరఖాస్తు పెట్టించారు. మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు హాజరు కావాలని, గేటు మూశాక వచ్చినవాళ్లను లోపలికి రానివ్వబోమని ఉత్తరం వచ్చింది. మళ్లీ ఏడు పిలుస్తారో లేదో తెలియదు. అల్లం తోటలో కలుపు తీసే వరుసలో మా అమ్మ పక్కన నా చోటు మాత్రం ఖాళీగానే ఉంది.

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా నిలబడి మా కోసం ప్రార్థన చేసింది. అప్పుడే నాయిన తన నిర్ణయం అయ్యగారికి చెప్పాడు.

"చర్చి గంట వినొచ్చే హోటల్లనే దిగుతం అయ్యగారు. ఐదింటికి గంట కొట్టంగనే లేస్తే ఎనిమిదింటికి నిమ్మళంగ చేరొచ్చు."

అయ్యగారు తలూపారు. విన్నవాళ్లందరికీ అది మంచి మాటే అనిపించింది. మా వాడలో ఎవరింట్లోనూ గడియారం లేదు. ఐదింటికి చర్చి గంట కొడితే లేస్తాం, మోకాళ్లూని ప్రార్థన చేసుకుంటాం, పొయ్యి ముట్టిస్తాం, తోటకు పోతాం. నేను పుట్టినప్పటి నుంచి ఆ గంట తప్పిన పొద్దు లేదు. చర్చి ఉన్నచోట పొద్దున గంట ఉంటుందని నాకూ నమ్మకమే. నీళ్లు పల్లానికి పారతాయని ఎవరినైనా అడిగి తెలుసుకుంటామా?

సోమవారం పొద్దున బస్సెక్కాం. కడుపులో తిప్పకుండా అమ్మ నా కొంగుకు అల్లం ముక్క కట్టింది. పటాన్‌చెరు దాటేలోగా దాన్ని నమిలేశాను. బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. సన్నగా ముసురు పడుతోంది. రిక్షాలు, సైకిళ్లు, గుర్రపు బండ్లు, తోపుడు బండ్లు అన్నీ ఒకేసారి మా మీదికే వస్తున్నట్టు ఉంది. నాయిన ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో జేబులోని చిట్టీని అదిమి పట్టుకున్నాడు. అయ్యగారు ఈసారీ చిట్టీ రాసిచ్చారు. ఈ మనుషులు మంచివాళ్లు, సాయం చేయగలరని తెలుగులో రాసి కింద సంఘం ముద్ర వేశారు.

బస్టాండుకు ఎదురుగా ఉన్న హోటల్లో ముందు అడిగాం. బల్ల వెనకున్న మనిషి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఈ పిల్లెవరు?"

"నా బిడ్డ సాబ్." నాయిన చిట్టీ తీసి ఇచ్చాడు.

ఆ మనిషికి తెలుగు చదవడం రాదు. కాగితాన్ని తిప్పి చూశాడు. "ఇదేంది, తాసీల్దార్ కాయితమా?"

"కాదు సాబ్. దేవుని సేవకుడు రాసిచ్చిండు."

"అర్ర ఎవలికి కావాలె? మీకా, దేవునికా?"

అక్కడ కూర్చున్న ఇద్దరు నవ్వారు. నాయినకు కోపం రాలేదు. "మాకే సాబ్. ఆయనకు అంతట ఉన్నది," అన్నాడు. ఆ మనిషి కూడా నవ్వి తాళం చెవి తీశాడు. కానీ ఆ గది తలుపుకు గొళ్లెం లేదు. ఆడపిల్లతో గొళ్లెం లేని గదిలో ఉండనని చెప్పి నాయిన చిట్టీ తీసుకున్నాడు.

రెండోదాని మెట్లు సారా దుకాణం పక్క నుంచి ఉన్నాయి. మొదటి మెట్టు మీదే నాయిన వెనక్కి తిరిగాడు.

దవాఖాన ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుందామని అటు నడిచాం. దాని ప్రహరీగోడ పక్కనే మూడో హోటల్ కనిపించింది. కింద చాయ్ దుకాణం, పైన ఆరు గదులు. ఉతికిన దుప్పట్లు, లోపలి నుంచి గడియ, కిటికీలోంచి చూస్తే దవాఖాన ఆవరణలో వేపచెట్లు. బల్ల వెనక గోడకు పెద్ద గడియారం కూడా ఉంది. ఆ కిటికీ దగ్గర నిలబడితే సగం చేరినట్టే అనిపించింది నాకు.

నాయిన కిందికి వచ్చి అడిగాడు. "ఈడికి చర్చి గంట వినొస్తదా?"

హోటల్ ఆయన లావుపాటి మనిషి. లెక్క రాస్తున్నవాడు తలెత్తాడు. "చర్చి ఈడెక్కడ ఉన్నది? చర్చి గావాలంటే ఆ చౌరస్తా దాటి జర దూరం పోవాలె. ఎందుకు, పెండ్లున్నదా?"

"పొద్దుగాల లేవాలె సాబ్."

"లేస్తే లేవున్రి. ఎవలొద్దన్నరు?"

నాయిన చిట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక నేను మెల్లగా అన్నాను. "నాయినా, ఈడ గడియారం ఉన్నది. దవాఖాన గీ గోడెనకనే."

"గడియారం నిన్ను లేపుతదా బిడ్డా? అది దాని జాగల అది తిరుగుతది. గంటైతే మనిషిని పిలుస్తది."

ఆ మాట నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పటికీ బాగానే అనిపిస్తుంది. ఆ రోజు మమ్మల్ని తప్పుదారి పట్టించింది కూడా అదే.

చౌరస్తా దాటి చాలా దూరం నడిస్తే ఎత్తయిన చర్చి శిఖరం కనిపించింది. దానికి ఎదురు సందులో నాలుగో హోటల్. గది ఇరుకు, మంచంలో నల్లులు, కానీ తలుపుకు గొళ్లెం ఉంది, కిటికీలోంచి శిఖరమూ అందులోని గంటా కనిపిస్తాయి. నాయిన ముఖం వెలిగిపోయింది. అక్కడి ముసలి సాయిబు చిట్టీ వంక చూడకుండానే తాళం చెవి ఇచ్చాడు. ఆయన తల వెనక కూడా ఒక గడియారం ఉంది. నేను చూశాను. నాయిన చూడలేదు.

రొట్టెలు తిని, ప్రార్థన చేసుకుని పొద్దు కూకగానే పడుకున్నాం. నాయిన మంచం నాకిచ్చి తాను కింద పడుకున్నాడు.

నాకు మెలకువ వచ్చేసరికి ఆయన తెల్ల అంగీ తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"లేద్దామా నాయినా?"

"గంట గాలే. ఇంక జరసేపు పండుకో."

మా ఇంట్లో అయితే తలుపు తీసి ఆకాశం చూసి చెప్పేవాళ్లం. ఇక్కడ కిటికీ పక్కనే వీధి దీపం. రాత్రంతా గదిలో ఒకే వెలుతురు. బయట ముసురు, ఆకాశం బూడిద రంగులో ఉంది. నేను కూడా లేచి తల దువ్వుకుని, చీర మార్చుకుని మంచం మీద కూర్చున్నాను. కింద పాల సైకిళ్ల గంటలు, చీపుళ్ల చప్పుడు, తరువాత దుకాణాల రేకు తలుపులు లేస్తున్న మోత.

"అందరు లేసిన్రు నాయినా."

"పట్నపోళ్లు నిద్రపోరు బిడ్డా. మనం గంటకే పోదాం."

మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయాడు. నాకు కింద గడియారం ఉందని తెలుసు. పన్నెండు మెట్లు దిగితే చాలు. కానీ ఆయన ప్రార్థన చేస్తుండగా లేచి పోతే ఆయన మాట మీద నమ్మకం లేనట్టు అవుతుందని కూర్చుండిపోయాను. వీధిలో బడిపిల్లల మాటలు వినిపించినప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. బడిపిల్లలు ఐదింటికి పోరు. మెట్లు రెండేసి దాటుకుంటూ దిగాను.

గడియారంలో ఏడున్నర దాటింది.

"తాతా, ఇయ్యాల గంట గొట్టలేదా?"

ముసలి సాయిబు కన్నులు చిట్లించాడు. "ఏం గంట బేటీ? గా చర్చిదా? అది అయితారమే గొడ్తరు. ఇయ్యాల మంగళారం."

నా వెనక మెట్ల మీద నాయిన నిలబడి ఉన్నాడు. అంత పెద్ద చర్చి, అంత ఎత్తు శిఖరం, పొద్దున గంట కొట్టరనే మాట ఆయనకు లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. నేను సంగతి చెప్పగానే ముసలి సాయిబే బయటికి వచ్చి రిక్షా పిలిచాడు. "దవాఖానకు. జల్ది పో, ఈ బిడ్డకు పరీక్షున్నది," అని రిక్షావాడి వీపు తట్టాడు.

మేము చేరేసరికి గేటు మూసి ఉంది. కాపలావాడు ఊచల మధ్య నుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. నాయిన చిట్టీ చూపిస్తున్నాడు. అప్పుడు వరండాలో కాగితాలు పట్టుకుని పోతున్న మేట్రన్‌గారు, అంటే నర్సులందరికీ పెద్దావిడ, మమ్మల్ని చూసి ఇటు వచ్చారు. తెల్ల చీర, నెరిసిన జుట్టు, కోస్తా సర్కారు జిల్లాల మాట.

"ఎనిమిదింటికని రాశాం కదండీ. ఇప్పుడెంతయిందో తెలుసా?"

"తప్పు నాదే అమ్మగారూ," అన్నాడు నాయిన. "గంట గొడ్తరని కూసున్న." చర్చి గంట కోసం హోటల్ వెతకడం దగ్గర నుంచి సాయిబు చెప్పిన మాట వరకు ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. అంతా విని నా వైపు తిరిగారు.

"ఆయన గంట కోసం కూర్చున్నారు. నువ్వెందుకు కూర్చున్నావమ్మా?"

నిజం చెప్పే శక్తి ఇవ్వమని మనసులో ఒక్క మాట ప్రార్థించాను. "కింద గడియారం ఉన్నదని నిన్ననే చూసిన అమ్మగారూ. పోయి అడగాల్సుండె. నాయినకు ఎదురు చెప్పినట్టయితదని అడగలే. తప్పు నాది గూడ."

"రేపు వార్డులో పెద్ద డాక్టరుగారు ఒక మందుకి బదులు ఇంకో మందు రాశారనుకో. ఎదురు చెప్పినట్టవుతుందని ఊరుకుంటావా?"

"ఊకోను."

"ఎప్పట్నించి?"

"ఇయ్యాల పొద్దుగాల నుంచి."

అప్పుడు ఆవిడ పెదవుల చివర కొద్దిగా కదిలింది. కాపలావాడికి సైగ చేశారు. "చివర్న కూర్చో. పిలిచేదాకా లేవకు. మీరు మాత్రం బయటే ఉండండి పెద్దాయనా."

లోపల నా చేత చదివించారు, రాయించారు, అరచేతులు తిప్పి చూశారు. బయటికి వచ్చేసరికి నాయిన గేటు పక్కన వానలోనే నిలబడి ఉన్నాడు. తలపాగా తడిసి కండువాలా మెడ మీదికి జారింది.

ఆ ఆదివారం మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నాయిన లేచాడు. మామూలుగా జ్వరం తగ్గినవాళ్లు, పంట నిలిచినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెప్పి స్తుతిస్తారు. నాయిన తన తప్పుకు తానే సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నన్ను పొద్దుగాలనే లేపిండు. నేనే లేవలే. గంట లేపాలన్న. ఆయన లేపినంక ఇంకో పిలుపు కోసం కూసున్న," అన్నాడు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు, నాయిన కూడా. అప్పటికి దవాఖాన నుంచి కబురేమీ రాలేదు. ఏ కబురు వచ్చినా ఆయన ఆ మాట చెప్పేవాడే. నా విశ్వాసంలో ఎక్కువ భాగం పుస్తకంలో కంటే ఆ ఉదయమే నేర్చుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది. ప్రార్థన చేసినవాళ్లు లేచి మెట్లు దిగాలి.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. నన్ను తీసుకున్నారు.

నర్సుల హాస్టల్లో మొదటి తెల్లవారుజామున నేను ఉలిక్కిపడి లేచాను. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కాపలాదారు ఇనుప కడ్డీతో కొడుతున్నాడు. ఐదు గంటలైంది. పక్క మంచాల మీది అమ్మాయిలు విసుక్కుంటూ దుప్పట్లు ముసుగు పెట్టుకున్నారు. నేను మోకాళ్లూని, తరువాత నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం దాచుకున్నాను. ఆ రోజే నాయినకు కార్డు రాశాను. "ఇక్కడ గంట ఉంది. రోజూ ఐదింటికే కొడతారు." దాన్ని అయ్యగారు చర్చిలో చదివి వినిపించారట.

ఆరు నెలల తరువాత మాకు నర్సు టోపీలు పెట్టిన రోజుకు నాయిన వచ్చాడు. అప్పుడు మిషన్ వరండాలో చోటుంది. అయినా ఆయన దవాఖాన గోడ పక్కన హోటల్లోనే దిగాడు. లావుపాటి ఆయన గుర్తుపట్టి అడిగాడట. "ఏం పెద్దమనిషీ, గంట వినొచ్చే హోటల్ దొరికిందా?"

"మీదే సాబ్," అన్నాడట నాయిన. "గోడవతల రోజు ఐదింటికి గొడ్తరంట గద. నా బిడ్డ రాసింది."

"ఆ గంటనా? దాంతోని మాకు రోజు నిద్ర ఖరాబైతది. అడిగితే అప్పుడే చెప్తుంటి. నువ్వు చర్చి గంటనే అడిగినవ్."

మరునాడు తెల్లవారి పట్టా మోగింది. నేను హాస్టల్ కిటికీ తెరిచి గోడవతలికి చూశాను. హోటల్ పై అంతస్తులో ఒక గదిలో అప్పటికే దీపం వెలుగుతోంది.