నాకు నేనే వేసుకున్న శిక్ష

బీడీ మానడానికి ఫోన్లో ఒక మహానుభావుడు ఉపాయం సెలవిచ్చాడు. తాగినప్పుడల్లా మీకు ఒళ్లుమండే పని మీరే చేయండి, చచ్చినట్టు మానేస్తారట. ఎదురుగా ఉంటే వాడి నోట్లో గుప్పెడు తంబాకు కుక్కేవాణ్ణి.

నాకు ఒళ్లుమండే పని ఇంట్లోనే ఉంది. కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్లందరిలాగే మా ఆవిడా బీడీలు చేస్తుంది. బీడీ మానమని పదేళ్లుగా నా ప్రాణం తోడింది కూడా ఆవిడే. ఒకటి తాగితే ఒక కట్ట, అంటే ఇరవై అయిదు బీడీలు, నేనే చుట్టిస్తానని ఆమె ముందు ఒట్టేశాను.

మొదటిరోజు ఎనిమిది తాగాను. ఆమె తడిపి పెట్టిన తునికాకు మలిచి మలిచి గోళ్ల సందులు పగిలాయి. మర్నాడు ఆరు, ఆ తర్వాత నాలుగు. వారం తిరిగేసరికి ఒకరోజు మధ్యాహ్నం దాకా ఒక్కటీ ముట్టలేదు. ఆ మాట గొప్పగా ఆమెతో చెప్పాను.

ఆమె ఒళ్లోంచి చాట దించలేదు. అందులోంచి నేను చుట్టిన వంకర బీడీ ఒకటి ఏరి, అగ్గిపెట్టెతో సహా నా ముందుకు విసిరింది.

"నిన్ను నమ్ముకొని గియ్యాల ఆకు ఎక్కువ తడిపిన. తాగు జల్ది, ఆకు ఎండిపోతది."