ఆ గోడలో కెమెరా లేదు

ఆరేళ్లుగా ఒక మనిషి పరువు నా దగ్గర ఉంది. ఎత్తుకొచ్చిన సొమ్ములాగా దాచుకున్నాను. తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలని లేచిన ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

నేనెవరో చెప్పను. కర్నూలులో ఒక ఆడపిల్లల హాస్టల్లో గేటు చూసుకుంటూ, వంటింట్లో సాయం చేస్తూ ముసలిదాన్నయ్యాను. మాది ఆలూరు దగ్గర పల్లె. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు నేర్పించారు. బస్టాండులో కోయిలకుంట్ల బోర్డును ఎవరినీ అడక్కుండా చదివిన రోజు ఇంకా గుర్తుంది. రాత మాత్రం ఇప్పటికీ నిదానమే. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. చేతనైతే దీన్నీ తిప్పే చెప్పేదాన్నేమో.

ఆరేళ్ల కిందట ఎక్కడో ఒక హాస్టల్ స్నానాల గదిలో దొంగ కెమెరా దొరికిందని మా పిల్లలు ఫోన్లలో చూశారు. అప్పటి నుంచి వాళ్లకు నిమ్మళం లేదు. కొందరు బట్టలతోనే నీళ్లు పోసుకుని వచ్చారు. కొందరు గదిలో బట్టలు మార్చుకోవడానికి కూడా దుప్పటి కప్పుకున్నారు. చూడలేక మా ఓనరమ్మ కెమెరాలు పట్టే మిషన్ తెప్పించింది. పెన్ను కంటే కొంచెం లావు. కొసన చిన్న తీగ, పక్కన ఎర్ర లైట్లు. దాంతో వచ్చిన కాగితాన్ని సరళ అనే పిల్ల చదివి చెప్పింది. కెమెరా బొమ్మలను బయటికి పంపుతుంటే గాలిలో తరంగాలు పుడతాయట. మిషన్ వాటిని పసిగట్టి కూస్తుందట. ఫోన్లకు కూడా కూస్తుంది కాబట్టి ఫోన్లన్నీ ఆపి దూరంగా పెట్టాలట. నేను విన్నాను. సరే అన్నాను.

అవ్వ చెయ్యి వణకదని మిషన్ నా చేతికిచ్చారు. నాకు లోపల గర్వం. మా నాయన బోర్లకు చోటు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచేవాడు. కాయ నిలబడిన చోట బోరు వేసేవాళ్లు. ఆయన వెనక ఊరు ఊరంతా నోరు మూసుకుని నడవడం చిన్నప్పుడు చూశాను. ఆ రోజు నా వెనక అలాగే పదిమంది పిల్లలు నడిచారు. ఆ గర్వంలో ఒకటి మరిచిపోయాను. నా ఫోను నా నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలోనే ఉంది. పిల్లలు చదువుకుంటారని దాని కూత ఎప్పుడో తీసేయించాను. అది మోగినా నాకు తెలియదు.

రెండో అంతస్తు స్నానాల గదిలో, గీజర్ కింద గోడకు ఆనించగానే మిషన్ కూసింది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఒక పిల్ల ఏడ్చింది. ఆ గోడ దగ్గర చివరగా పని చేసిందెవరని ఓనరమ్మ అడిగింది.

"ఓబులేసు" అన్నాను.

అది అబద్ధం కాదు. వారం కిందట గీజర్ బిగించింది కరెంటు పని చేసే ఓబులేసే. కానీ ఆ పేరు నా నోట్లో అంత సిద్ధంగా ఎందుకుంది? గీజర్ బిగించిన రోజు డబ్బా మీది అక్షరాలను నేను కూడబలుక్కుని చదువుతుంటే అతను నవ్వాడు. "నిదానంగా సదువవ్వా, నువ్వు అయిపోగొట్టేలోపల నీళ్లు కాగి సల్లారిపోతాయిలే" అన్నాడు. పిల్లలు కూడా నవ్వారు. అది వేళాకోళం, అంతే. మనసులో విషమున్నవాడు అలా అందరి ముందు అనడు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా వారమంతా ఆ మాటను నమిలాను.

టైల్స్ పగలగొట్టించారు. లోపల సిమెంటు, ఇటుక, ఒక పాత పైపు. ఇంకేమీ లేదు. అందరూ నా ముఖం చూశారు. నాయన చూపిన చోట బోరులో నీళ్లు పడకపోతే రైతులు ఆయన ముఖాన్ని అలాగే చూసేవాళ్లు. ఆయన తడుముకునేవాడు కాదు. జల ఉంది, పక్కకు జరిగింది అనేవాడు. నేనూ తడుముకోలేదు.

"ముందే తీసుకునిపోయింటాడు" అన్నాను.

ఇక్కడిదాకా పొరపాటు అనండి, ఒప్పుకుంటాను. ఇక్కడి నుంచి కాదు.

సాయంత్రం ఫోను తీస్తే నా కూతురు చేసిన కాల్ ఉంది. పదకొండూ పది. స్నానాల గదిలో మేమున్న వేళ అదే. అక్షరం రాని రోజుల్లో అయితే నాకు ఆ సంగతి తెలిసేదే కాదు. వంటింట్లోకి పోయి మిషన్‌ను పక్కన పెట్టుకుని, కూతురికి చెప్పి మళ్లీ చేయించాను. ఫోను మూగగా వెలిగింది. మిషన్ మాత్రం పొద్దున కూసినట్లే కూసింది. ఆ శబ్దమేమిటమ్మా అని కూతురు అడిగింది. ఏమీ లేదన్నాను.

పైకి పోయి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు? పని పోతుందన్న భయమా? కాదు, ఓనరమ్మ అలాంటిది కాదు. పిల్లలు నవ్వుతారని. చదువు నేర్పిన పిల్లల ముందు ఏమీ తెలియని ముసలిదానిగా మళ్లీ నిలబడాల్సి వస్తుందని. అతను నవ్విందే నిజమవుతుందని. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద పాపం చేస్తారా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఇంకో పెద్ద కారణం ఉంటుందేమోనని ఆరేళ్లు వెతికాను. లేదు.

కెమెరా దొరకలేదు కాబట్టి ఓనరమ్మ పోలీసుల దాకా పోలేదు. దానివల్ల అతనికి మేలేమీ జరగలేదు. విచారించే వాళ్లుంటే తప్పు లేదని తేలేది కదా. ఉత్త మాటను ఎవరు విచారిస్తారు? ఆ మాట వీధిలోని హాస్టళ్లన్నీ తిరిగింది. ఎవరూ అతన్ని పనికి పిలవలేదు.

నెల తర్వాత ఒక పొద్దున వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

"అవ్వా, గోడ పగలగొట్టినారంట కదా. ఏముండ్య దాంట్లో?"

"ఏమీ లేదు."

"ఆ మాటే ఆ పిల్లోల్లకు సెప్పు. నాకు ఇంకేమీ వద్దు."

"నేను సెప్తే ఇంటారా?"

"నువ్వు సెప్తేనే కదవ్వా ఇనింది." కోపంగా అనలేదు. "నా కూతురు పదో తరగతి. కెమెరా పెట్టినోని కూతురని బడిలో అంటాండారంట. పది దినాలాయ, బడికి పోదు. అన్నం కాడికీ రాదు. నన్ను సూస్తే తలుపేసుకుంటాది. నేను ఏం సెప్పాల దానికి?"

మిషన్ నా వెనక అలమారలోనే ఉంది. ఫోను నడుముకే ఉంది. రెండూ తీసి అతని ముందు పెడితే చాలు.

"దొరకలేదంటే లేనట్లు కాదు ఓబులేసూ" అన్నాను.

"శానా బాగా సదువుకున్నావవ్వా" అని వెళ్లిపోయాడు. అప్పుడు నవ్వలేదు.

ఆ తర్వాత అతన్ని చూడలేదు. రాయచోటిలో, భార్య తరఫు వాళ్ల ఊళ్లో, మోటార్లు బాగుచేసే షాపులో ఉన్నాడని తెలిసింది. కూతురు మళ్లీ బడికి పోయిందా లేదా అని తెలుసుకోవచ్చు. తెలుసుకోలేదు. పోలేదని చెబుతారేమోనని.

పిల్లలకు కూడా ద్రోహమే చేశాను. దొంగ ఫలానా అని తేలిపోయాక ఇంకెవరూ వెతకలేదు. నిజంగా ఇంకో గదిలో కెమెరా ఉండి ఉంటే? ఏడాది తర్వాత వచ్చిన ఒక పిల్ల అన్ని గదులనూ సరిగా చూసింది. ఫోన్లన్నీ కింద పెట్టించింది, మిషన్ తిప్పింది, లైట్లు ఆర్పి, కెమెరా కన్ను మెరుస్తుందేమోనని టార్చి వేసి మూలమూలా వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. "ఫోన్లు ఆపకుంటే ఈ మిషన్ ఉత్తినే అరుస్తాదవ్వా, ఎవరినో ఒకరిని దొంగను చేస్తాది" అని నవ్వుతూ చెప్పింది. ఆమెకు పాత సంగతి తెలియదు. నేను ఉల్లిగడ్డలు కోస్తూ తల వంచుకున్నాను. మిషన్ ఎవరినీ దొంగను చేయలేదు తల్లీ. అది ఉన్నదాన్ని చూసే కూసింది.

మా నాయన తను చెప్పిన మాటను నమ్మేవాడేమో. పక్కకు జరిగిన జల ఆయన కంటికి కనిపించేదేమో. నాకు ఆ సాకు కూడా లేదు. తెలిసి తెలిసి చెప్పాను.

ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. రాశాక మనసు తేలికైందా అంటే, అయింది. తేలికైనందుకే సిగ్గుగా కూడా ఉంది. రాయచోటిలో ఆ ఇంట్లో ఈ రాతతో ఏమీ తేలిక కాదు. ఓబులేసు అతని అసలు పేరు కాదు, మార్చాను. అతని పేరు దాచింది అతని కోసం. నా పేరు దాచింది మాత్రం నా కోసమే. నా ధైర్యం ఇంతవరకే వచ్చింది. నిన్నటిదాకా ఇదీ లేదు.