మద్రాసుకు బస్సెక్కిన మైకుసెట్టు బాకా

ఇందాక మా మనవరాలు చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తన ఎలక్ట్రిక్ గిటారుకు కొత్త పికప్‌లు ఎంచుకోవడానికి ఫోన్లో ఒక్కొక్కదాని నాదం వింటూ, నా చెవికీ ఒకసారి ఆనించి, ఇది బాగుందా తాతా, అది బాగుందా అని నన్ను అడుగుతుంటే, చిత్తూరులో మా నాయన నడిపిన మైకుసెట్టు అంగడి గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

ఆ కాలంలో పెండ్లి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు విన్న మీకు నేను చెప్పాలా, గిటారు వాయించే కుర్రాడంటే ఊళ్లో ఎంత హోదానో ఇంట్లో అంత చిరాకు. సరిగ్గా మా అక్క పెండ్లి దగ్గరపడ్డాక నా గిటారు పికప్, అంటే తీగల కిందుండి వాటి అదురును పట్టి మైకుసెట్టుకు అందించే అయస్కాంతపు ముక్క, చచ్చి ఊరుకుంది. "అక్క పెండ్లిలో మోగిందా సరి, లేదా అమ్మేసి అంగట్లో కూసో" అని నాయన తేల్చేసినాక నాకు అన్నం సయించలేదు.

కొత్తది కొనడానికి గిటారు తీసుకుని మద్రాసు బయలుదేరితే, నాయన కూడా వస్తానని, అంగట్లోని ఇనుప బాకా, అదే పందిళ్లకు కట్టే స్పీకరు, ఒకటి గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాలంటాడేమోనని దారిపొడుగునా నాకు సిగ్గే సిగ్గు.

మద్రాసు అంగడాయన తన మంచి స్పీకరులో రెండు పికప్‌లు మార్చి మార్చి వినిపించాడు. ఒకటి కమ్మగా, గుండ్రంగా పలికితే, రెండోది చెవిలో సూదిలా గుచ్చుకుంది. కమ్మనిదానికి నేను చేయి చాచేలోగా నాయన గోనెసంచి విప్పాడు. "ఈడ బాగుంటే సాలదురా, మన పందిట్లో బాగుండాల. దీన్లో ఇనిపించమను." అంగడాయన పగలబడి నవ్వినా, బాకాకు వైర్లు తగిలించాడు పాపం. ఏం చెప్పను, ఆ కమ్మనిది బాకాలో మూతి కట్టేసినట్టు మూలిగింది, గుచ్చుకున్నదేమో గంటలా ఖంగున మోగింది. దాన్నే బిగించుకుని వచ్చాము.

పెండ్లినాడు నేను వాయిస్తుంటే నాయన పందిట్లో లేడు. భయపడిపోయాను. పాట అయ్యాక వీధి చివరినుంచి చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఆ మలుపుదాకా ఇనిపించిందిరా అబ్బా" అన్నాడు. ఆ తర్వాత అంగట్లో కూర్చోమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు మాకు ఎంత దూరం వినిపిస్తుందనేదే లెక్క, ఇప్పుడు పక్కవాడికి వినిపించకపోతేనే మేలు. తప్పని అనను గానీ, గోడ అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా మనవరాలు ఎంత బాగా వాయిస్తుందో నాకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు, అదే బాధ. ఈ కథంతా విని ఆ పిల్ల హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, అటకమీది బాకా దింపి, ఇది ఇంకా మోగుతుందా తాతా అంటూ బూజు దులుపుతోంది. మోగితే మాత్రం నేను ఇంట్లో కూర్చుని వినను, వీధి మలుపుదాకా నడిచిపోయి అక్కడ నిలబడి వింటాను.