రెండుసార్లు బిగించిన జాకెట్టు

2022. ఆదోనిలో నేను లేడీస్ టైలరింగ్ షాపు పెట్టి అప్పటికి పదిహేనేళ్లు. పెళ్లిళ్ల సీజను, తల తిప్పుకునే తీరిక లేదు. మా వీధి పత్తి వ్యాపారి రెండో కూతురు మాధవి, డిగ్రీ చదివే పిల్ల, వాళ్లక్క పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. ఫోన్లో ఒక రీల్ చూపించి, "అక్కా, ఈ పాప నడుం చూడు. పెళ్లి నాటికి నేనూ ఇట్లే కావల్ల" అంది. నవ్వి టేపు అందుకున్నాను.

ట్రయల్ అంటే పూర్తి చేసేముందు ఒకసారి వేసి చూడటం. ఆ రోజు జాకెట్టు వదులైంది. "ఏమ్మే, భలే సన్నబడినావే! ఇప్పుడుండావు చూడు సక్కగా" అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది. బిగించి ఇచ్చాను. పది రోజులకు మళ్లీ వదులన్నది, మళ్లీ బిగించాను. లోపల మిగిలే బట్టను మార్జిన్ అంటాం. అది బెత్తెడు పేరుకుంది. అప్పుడైనా అనుమానం రావద్దా నాకు? రాలేదు.

మూడోసారి కొలతకు చేతులెత్తమన్నాను. ఎత్తబోయి కూలబడింది. చేతులు చల్లగా ఉన్నాయి. నీళ్లు తాగించి, "పొద్దున ఏం తిన్నావే?" అన్నాను.

"ఏం తినలే."

"నిన్న?"

తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. "సావాలనుకున్నావా? ఎవురు సెప్పినారే తిండి మానమని? ఆ ఫోనా?"

"ఫోన్లో చూసే మొదలుపెట్టినాక్కా. కానీ సక్కగుండావని అన్నది నువ్వే కదా."

వాళ్లమ్మను పిలిపించి, ఇందులో నా తప్పూ ఉందని చెప్పాను. "వయసు పిల్లలు, ఇట్లే తింటారులే" అని ఆమె కొట్టిపారేసింది. "లేదు వదినా, పెళ్లి పనులు ఆగినా ఫరవాలేదు, ముందు పిల్లను డాక్టరుకు సూపీ" అని పట్టుబట్టాను. కర్నూలులో డాక్టరు తిండితో పాటు మనసుకూ వైద్యం కావాలన్నారట. కుదుటపడటానికి ఏడాది పట్టింది.

తర్వాత మాధవి కొత్త జాకెట్టు కొలతలకు వచ్చింది. టేపు మీది అంకె పైకి చదవడం మా పనిలో అలవాటు. ఆ రోజు చదవకుండా నేనే రాసుకున్నాను.

"నడుం ఎంతుందక్కా?"

"అది నాకు కావల్లగానీ, నీకెందుకే?"

నవ్వింది. బుగ్గలు మళ్లీ నిండాయి. బాగున్నావని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇప్పుడు ఎవరి జాకెట్టు వదులైనా మెచ్చుకోను, ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.