నాలుగు ఓమ్‌ల పెళ్లిచూపులు

పాటను చెవులతో వినే కాలం పోయి, కడుపుతో వినే కాలం వరంగల్‌కు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎనభైల నడుమ అనుకోండి. అంతవరకు కారులో పాట అంటే డ్రైవర్ ముందు ఒక చిన్న స్పీకరు, అందులోంచి జలుబు చేసినట్టు పాడే గొంతు, అంతే. హైదరాబాద్ పోయి వచ్చినవాళ్లు మాత్రం అక్కడ కారులో పాట పెడితే సీట్లు అదురుతాయని, పక్కన నిలబడ్డవాడి సోడా గ్లాసులో అలలు లేస్తాయని చెప్పేవారు. మా బాపుకు స్టేషన్ రోడ్డులో రేడియో రిపేరు దుకాణం ఉండేది. మగపిల్లలు లేరు. అక్కకు పెళ్లయిపోయింది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నేను (తప్పింది ఇంగ్లీషులో, ఫిజిక్సులో కాదు, ఈ సంగతి ఇప్పటికీ అడగనివాళ్లకు కూడా చెబుతుంటాను) మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె తీసుకుపోయి, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయి, టంకం పెట్టడం నేర్చుకున్నాను. "వేళ్లు గాలిన పిల్లను ఎవలు చేసుకుంటరే?" అని అమ్మ రోజూ నా చేతులు తిప్పి తిప్పి చూసేది.

మా బావకు, అంటే అక్క భర్తకు, ఒక అంబాసిడర్ కారుండేది. పెళ్లిళ్లకు, పేరంటాలకు కిరాయికి తిప్పేవాడు. ఒకరోజు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుని, "మరదలా, నా బండికి సప్పుడు గావాలె. ఇన్నోని గుండె ఎగరాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. బాపు చేసిన ఆంప్లిఫయర్ ఒకటి సిద్ధంగా ఉంది. "ఇది నాలుగు ఓమ్‌లది బిడ్డా. గంతకంటె తక్కువ లోడు పెడితే కాలిపోతది, యాదుంచుకో" అని బాపు చేతికిచ్చాడు. (ఓమ్ అంటే కరెంటుకు ఉండే అడ్డాన్ని కొలిచే లెక్క.) నేను ఎనిమిది ఓమ్‌ల పెద్ద స్పీకర్లు రెండు తెచ్చి, వడ్లాయనతో చెక్కపెట్టె చేయించి, డిక్కీలో బిగించి, రెంటినీ పక్కపక్కన కలిపాను. అట్లా కలిపితే లెక్కకు సరిగ్గా నాలుగు. ఇంట్లో అన్నం తింటూ ఈ లెక్క గర్వంగా చెబుతుంటే మా నాయనమ్మ చేతులు జోడించింది. "నాలుగు ఓంలేనా బిడ్డా? ఇంకో నాలుగు పెట్టరాదు, దేవుని పేరేనాయె, పుణ్యమొస్తది" అంది. నేను పొలమారి నీళ్లు తాగాను. పక్కన కూర్చుని తింటున్న బావ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆయన మనసులో ఎక్కడో పడిపోయిందని అప్పుడు నాకు తెలియదు.

అదే నెలలో నాకు ఒక సంబంధం వచ్చింది. కేసముద్రంలో గింజల వ్యాపారం చేసేవాళ్లు. పిల్లవాడు డిగ్రీ చదివి వాళ్ల నాన్నతో పాటు దుకాణంలో కూర్చుంటున్నాడట. అమ్మ నా వేళ్లకు వెన్న రాసి, "రేడియో ముచ్చట ఎత్తితివంటే సూడు! కుట్లొస్తయి, అల్లికలొస్తయి అని చెప్పు, సాలు" అని ఒట్టు వేయించుకుంది. (నాకు గుండీ కుట్టడం కూడా సరిగా రాదు. వైరు కుట్టమంటే కుట్టేదాన్ని.) స్టేషన్‌లో దిగిన పిల్లవాడిని, అతని తల్లిని, మేనమామను ఇంటికి తీసుకొచ్చే పని బావది. పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని లోపలి గదిలో కూర్చున్న నాకు గల్లీ మొదట్లోనే పాట వినిపించింది. వినిపించడమేమిటి, గోడ మీద అద్దం గలగలలాడింది. మొదట పొంగిపోయాను. నా చేతిపని! ఆ తర్వాత చెవి నిక్కబొడుచుకుంది. దుబ్ దుబ్‌మనవలసిన చోట గరగర వస్తోంది. ఇంతలో పాట ఠక్కున ఆగింది. ఆ వెంటనే పిల్లవాడి మేనమామ కేక. "ఓర్నీ, బండి అంటుకున్నది! దిగుండ్రి, దిగుండ్రి!"

ఎదురింటి పెద్దమ్మ అప్పుడే వాకిట్లో చల్లడానికి సాన్పి నీళ్ల బకెట్టు (పేడ కలిపిన నీళ్లు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను) పట్టుకుని నిలబడి ఉంది. పొగను చూసి ఆమెకు కలిగిన ధైర్యం ఏ సైనికుడికీ కలగదు. బకెట్టు ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించింది. పొగ డిక్కీలోంచి వస్తోంది. నీళ్లు మాత్రం వెనక తలుపు తీసుకుని దిగుతున్న పిల్లవాడి తల్లి మీద పడ్డాయి. పసుపురంగు పట్టుచీర క్షణంలో పేడరంగుకు మారింది. "అయ్యో వదినె!" అంటూ అమ్మ కొంగుతో తుడవడానికి పరుగెత్తింది. నేను కూడా పరుగెత్తాను, కానీ డిక్కీ వైపు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, డిక్కీ తెరిచి వైర్లు పీకేశాను. కాలిన వార్నిష్ వాసన. పెట్టె పక్కన నేను పెట్టని స్పీకరు ఒకటి నవ్వుతూ కూర్చుని ఉంది. దాని మీద నాలుగు ఓమ్‌లని రాసి ఉంది.

"బావా! ఈ మూడోది ఎవలు పెట్టిండ్రు?" అని గల్లీ అంతా వినేలా అరిచాను.

"నేనే. ముసలామె చెప్పింది గద, ఇంకో నాలుగు పెట్టుమని" అన్నాడు బావ, తప్పు నాయనమ్మదే అన్నట్టు.

అప్పుడు నా భుజం పక్కన ఎవరో వంగి చూస్తున్నట్టనిపించింది. ఆ పిల్లవాడే. తల్లి దగ్గరికి పోకుండా ఇటెందుకు వచ్చాడో తెలియదు. "నాలుగుకు నాలుగు కలిపితే ఎనిమిదైతది గద? ఎక్కువైతె ఎందుకు కాలిపోయింది?" అని మెల్లగా అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. ఒట్టు, కుట్లు, అల్లికలు అన్నీ మరిచిపోయాను. "ఇట్ల కలిపితె పెరగదు, రెండైతది. ఒక దర్వాజ ఉన్నకాడ రెండు పెడితె మందికి అడ్డం తగ్గుతది గద? గట్లనే. కరెంటు ఒక్కసారె ఉరుకుతది, ఆంప్లిఫయర్ ఆగలేదు" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "ఆఁ!" అన్నాడు. ఆ "ఆఁ" ఎంత బాగుందో చెప్పలేను. చీకటి గదిలో స్విచ్ వేసినట్టు అతని ముఖం వెలిగింది. "మీరే చేసిండ్రా ఇదంతా?" అన్నాడు. ఔనన్నాను. నా ముక్కు మీద మసి అంటిందని చెప్పి తన రుమాలు ఇవ్వబోయాడు. అంతలో వాళ్ల మేనమామ, "అరేయ్, ఇటురా, పోదాం" అని రెక్క పట్టి తీసుకుపోయాడు. మా ఇంట్లో పెట్టిన ఫలహారం ఎవరూ ముట్టలేదు.

నాలుగు రోజులకు మధ్యవర్తి వచ్చి, వాళ్లకు శకునం నచ్చలేదట అని చెప్పి చాయ్ తాగి వెళ్లాడు. అమ్మ ఏడ్చింది. బావ మా ఇంటికి కొన్నాళ్లు రాలేదు. నన్ను దుకాణానికి పంపడం ఆపేశారు. మరుసటేడు తొర్రూరు సంబంధం కుదిరింది. మా ఆయన మంచివాడు, దేవుడి సాక్షిగా చెబుతున్నాను. రేడియో పలకకపోతే దాని నెత్తి మీద రెండు దెబ్బలు వేసే రకం, అంతే. నేను పక్కకు తిరిగి కూర్చునేదాన్ని. పెళ్లయ్యాక మళ్లీ టంకం వాసన చూడలేదు.

పాపను ఎత్తుకుని పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి బాపు, అమ్మ లేని సమయం చూసి, నా ముఖం వైపు చూడకుండా చెప్పాడు. "అప్పుడు కేసముద్రం పిల్లగాడు ఉండె సూడు, సంబంధం వద్దన్నంక ఒక్కడే దుకాణంకొచ్చిండు బిడ్డా. రేడియో తెచ్చి, ఖరాబైందన్నడు. ఇప్పి చూస్తె ఏం లేదు, మంచిగ పాడుతాంది. మంచిగనే ఉన్నదంటె, 'మీ బిడ్డ ఒకసారి చూస్తె మంచిదేమో' అన్నడు. మీ అమ్మకు తెలిస్తె కొట్లాటైతదని, నేనే మల్ల బిగించి పంపించిన."

పాప నా ఒళ్లో నిద్రపోతోంది. కేసముద్రం నుంచి వరంగల్ దాకా మంచి రేడియోను చంకలో పెట్టుకుని రైలెక్కి వచ్చాడన్నమాట ఆ మనిషి. అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. ఏమన్నాడు, మళ్లీ వస్తానన్నాడా, పోతూ వెనక్కి చూశాడా అని. నేను మాత్రం అడిగింది ఒక్కటే.

"ఎన్ని బ్యాండ్ల రేడియో బాపూ?"

"మూడు బ్యాండ్లది" అన్నాడు బాపు.

మంచి రేడియోనే అనుకున్నాను.