ఒకే గుడ్డ కుట్టే ఇద్దరు

మా ఆయన జమ్మలమడుగులో సమాధి రాళ్లు చెక్కుతాడు. ప్రొద్దుటూరులో మా సంఘం కొత్త మందిరం కట్టినప్పుడు, బైబిల్లో పౌలుకు తమ ఇంట చోటిచ్చిన డేరాలు కుట్టే దంపతులను నల్ల బండ మీద చెక్కమన్నారు పెద్దలు. గోడలో పొదుగుతారట. వాక్యం చదివి వినిపించింది నేను. కొన్నిచోట్ల భార్య పేరే ముందు వస్తుందని చూపించాను. ఆయన ఇద్దరినీ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో నిలబెట్టి, ఒకే గుడ్డను చెరో అంచూ పట్టుకుని కుడుతున్నట్టు చెక్కాడు. చెక్కినంతసేపూ బండ కదలకుండా పట్టుకున్నదీ నీళ్లు పోసిందీ నేనే.

పెద్దలు చూడడానికి వచ్చారు.

"ఏమప్పా, మొగుడూ పెండ్లామూ ఒగే ఎత్తుండారే! రేపు మా ఇండ్లల్లో మాకేం మర్యాద?" అన్నాడు ఒకాయన.

ఇంకొకాయన నా వైపు చూసి నవ్వాడు. నేను మా ఆయన కన్నా పొడుగు. పెండ్లి ఫోటోలో ఆయన ఇటుక మీద నిలబడ్డాడని సంఘమంతటికీ తెలుసు.

"ఈయప్ప కాళ్ల కింద గూడా ఒక ఇటుక పెట్టు!"

"రాతిలో తీసేదే గానీ పెట్టేది ఉండదు మామా," అన్నాడు మా ఆయన.

"అయితే ఆయమ్మదే తీయి. ప్రతిష్ఠ లోపల కావాల."

సంఘపు మాటల్లో స్త్రీలు నోరెత్తకూడదు. ముసుగు సర్దుకుని టీ గ్లాసులు తీశాను.

వాళ్లు పోయాక అడిగాను. "తీస్తావా?"

"తీయకుంటే యాడికి పోదాం? పులివెందుల దాకా మనకు పని చెప్పేది వీళ్లే."

"ఆమె పేరు ముందు రాయించింది దేవుడు గదా?"

"దేవుడు రాళ్లు కొనడు మే," అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

భార్యలు లోబడాలన్న వాక్యం నాకు చిన్నప్పటి నుంచీ కంఠస్థం. ఒకరికొకరు లోబడమని దానికి ముందున్న వాక్యమూ కంఠస్థమే. ఆ రెండింటి మధ్య మోకరించాను.

ఆయన బండ మీది ఆమె గడ్డం కింద బొగ్గుతో గీత గీశాడు. మా బండ పొరలు పొరలుగా ఉంటుంది. ఒత్తి పట్టుకునే మనిషి లేకపోతే నిలువునా చీలుతుంది.

"పట్టుకో మే. పొర లేస్తే ఇద్దరూ పోతారు."

పట్టుకున్నాను. ఆమె కళ్లూ ముక్కూ నా చేతుల మీద రజనుగా రాలాయి. రొమ్ము దగ్గరి రాతిలో ఆయన ఆమెకు మళ్లీ చిన్న తల చెక్కాడు. చేతుల జోలికి పోలేదు, పోతే గుడ్డ తెగుతుంది.

ఇప్పుడు ఆదివారాలు స్త్రీల వైపు చాప మీద కూర్చుని ఆ బండనే చూస్తాను. భర్త చేతులు నడుము దగ్గరుంటాయి. అదే ఎత్తులో ఆమె చేతులు, ఆమెకు గొంతు దగ్గర.

ఆరాధన అయ్యి బండి తీసేటప్పుడు మా ఆయన ప్రతిసారీ అడుగుతాడు. "బాగలేదు గదా?"

"గుడ్డ బాగుంది," అని వెనక ఎక్కుతాను.